ఇల్లు వేలంలో పోయింది, అప్పు మాత్రం ఎందుకు మిగిలింది?

పర్లాకిమిడి నుంచి మా బంధువు ఒకాయన ఆ మధ్య బరంపురంలో మా ఇంటికి వచ్చారు. నాకు వరసకు బావగారు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మూడు కాగితాలు. మొదటిది ఒడియా పత్రికలోంచి కత్తిరించిన ప్రకటన. రెండోది ఇంగ్లీషులో టైపు చేసిన ఉత్తరం. మూడోది హోల్డింగ్ ట్యాక్సు, అంటే మునిసిపాలిటీకి కట్టే ఇంటి పన్ను రసీదు. మొదటి రెండూ ఎందుకు తెచ్చారో అర్థమైంది. మూడోది ఎందుకు తెచ్చారంటే ఆయన దగ్గర జవాబు లేదు. ఆ ఇల్లు ఒకప్పుడు తనదని చెప్పడానికి మిగిలిన కాగితం అదొక్కటే కావచ్చు.

ఆయన తెలుగు చదువుతారు, ఒడియా ధారాళంగా మాట్లాడతారు, కానీ ఒడియా అక్షరాలు రావు. ప్రకటనలో అంకెలు కూడా ఒడియా అంకెలే. ఇంగ్లీషు ఉత్తరంలో ఆయనకు అర్థమైనది చివర ఉన్న మొత్తం ఒక్కటే.

"బావా, ఇల్లు వాళ్లే తీసుకున్నారు, వాళ్లే అమ్ముకున్నారు. ఇంకా నేను బాకీ ఏమిటి?" అన్నారు.

ఈ ప్రశ్న ఆయన ఒక్కరిదే కాదు. ఇటు ఒడిశాలో బరంపురం, రాయగడ, జయపురంలోనూ, అటు మహారాష్ట్ర వైపు సిరోంచ, రాజురా, ధర్మాబాద్‌లోనూ ఇల్లు కట్టుకోవడానికి అప్పు తీసుకుని, వ్యాపారం దెబ్బతినో ఉద్యోగం పోయో వాయిదాలు తప్పిన తెలుగు కుటుంబాలన్నిటిదీ ఇదే ప్రశ్న. జవాబు రెండు ముక్కల్లో చెప్పవచ్చు గానీ, ఆ రెండు ముక్కల వెనక ఉన్న లెక్క మాత్రం చిక్కైనది.

అప్పు ఒక ఒప్పందం, తాకట్టు మరొకటి

గృహ రుణం తీసుకున్నప్పుడు మనం పెట్టే సంతకాల కట్టలో నిజానికి రెండు వేర్వేరు సంగతులు ఉంటాయి. తీసుకున్న డబ్బును వడ్డీతో సహా తిరిగి కడతానని మనిషిగా ఇచ్చే మాట మొదటిది. కట్టకపోతే ఈ ఇంటిని అమ్మి రాబట్టుకోవచ్చు అని ఇచ్చే పూచీ రెండోది. ఇంటి దస్తావేజులు బ్యాంకులో పెట్టడం ఈ రెండో దాని కోసమే. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం దీన్ని దస్తావేజుల అప్పగింత ద్వారా జరిగే తాకట్టు అంటుంది.

ఇల్లు అమ్ముడుపోతే రెండోది ముగుస్తుంది. మొదటిది ముగియదు. అమ్మకంలో వచ్చిన సొమ్ము అప్పులోంచి తగ్గుతుంది, అంతే. వచ్చింది సరిపోకపోతే మిగిలినది మనిషి మీద ఉంటుంది. కోర్టుకు వెళ్లకుండానే తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకుని అమ్మే వీలు బ్యాంకులకు ఇచ్చినది 2002లో వచ్చిన సర్ఫేసీ చట్టం, దాని సెక్షన్ 13(10)లో ఈ మాట నేరుగానే ఉంది: అమ్మకపు సొమ్ముతో బాకీ పూర్తిగా తీరకపోతే, మిగిలిన మొత్తం కోసం రుణ వసూళ్ల ట్రైబ్యునల్‌కు గానీ తగిన కోర్టుకు గానీ వెళ్లవచ్చు.

నగలు కుదువపెట్టే అలవాటు వల్ల మనవాళ్లలో ఒక భావన పాతుకుపోయింది. కుదువ వ్యాపారి గాజులు అమ్ముకుంటే లెక్క చెల్లిపోయిందనుకుంటాం. అక్కడ అలా జరిగేది సాధారణంగా నగ విలువ ఇచ్చిన అప్పు కంటే బాగా ఎక్కువ ఉంటుంది కాబట్టే. ఇంటి అప్పులో ఆ తేడా చాలా సన్నం. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 30 లక్షల లోపు గృహ రుణానికి ఇంటి విలువలో 90 శాతం దాకా అప్పు ఇవ్వవచ్చు. అంటే మొదటి రోజున ఇంటి ధరకూ అప్పుకూ మధ్య ఉన్న ఎడం పది శాతమే.

"అమెరికాలో తాళాలు ఇచ్చేస్తే చాలట"

బరంపురంలో పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లకు కొదవ లేదు. 2008 సంక్షోభం రోజుల్లో అక్కడ తాళంచెవులు బ్యాంకుకు పంపేసి ఇల్లు వదిలేసినవారి కథలు ఇక్కడి దాకా వచ్చాయి, అవి అబద్ధాలు కావు. కాలిఫోర్నియా వంటి కొన్ని రాష్ట్రాల్లో సొంత నివాసం కొనడానికి తీసుకున్న అప్పుకు ఇంటిని మించి మనిషి మీదకు రాకూడదని చట్టం ఉంది. 1930ల మహామాంద్యంలో ఇళ్లు పోగొట్టుకున్నవారిని చూసి చేసిన చట్టాలవి. కానీ అమెరికా అంతటా ఇది లేదు. ఫ్లోరిడా, టెక్సస్ లాంటి చోట్ల మిగిలిన బాకీకి కోర్టుకు వెళ్లే హక్కు రుణదాతకు ఉంది.

మన దేశంలో గృహ రుణానికి అలాంటి మినహాయింపు లేదు. కటక్‌లో అయినా నాగపూర్‌లో అయినా ఒకటే. ఇక్కడ తాళాలు ఇచ్చేసినవాడికి ఇల్లు పోతుంది, అప్పు ఉంటుంది.

వాయిదా తప్పిన నాటి నుంచి వేలం దాకా

వాయిదా తప్పి 90 రోజులు దాటితే ఖాతాను నిరర్థక ఆస్తిగా, అంటే మొండి బాకీగా లెక్కిస్తారు. ఆ తర్వాత సర్ఫేసీ చట్టం సెక్షన్ 13(2) కింద 60 రోజుల నోటీసు వస్తుంది. ఎంత కట్టాలో, ఏ ఆస్తి తాకట్టులో ఉందో అందులో ఉండాలి. అభ్యంతరం రాసి పంపితే 15 రోజుల్లో జవాబు ఇవ్వాలి. నోటీసు వచ్చాక బ్యాంకు లిఖిత అనుమతి లేకుండా ఇల్లు అమ్మడం, అద్దెకు ఇవ్వడం కుదరదు. ఇది చాలామందికి తెలియదు. అమ్మకూడదని కాదు, చెప్పకుండా అమ్మకూడదని.

అరవై రోజులూ గడిస్తే స్వాధీనం. ఇందులోనూ రెండు రకాలు ఉన్నాయి. ఒకటి కాగితం మీదది: గోడకు నోటీసు అంటిస్తారు, మనిషి ఇంట్లోనే ఉంటాడు. రెండోది తాళం వేసేది. దానికి చాలాసార్లు సెక్షన్ 14 కింద జిల్లా మేజిస్ట్రేటు సాయం తీసుకుంటారు. గంజాం జిల్లాలో ఆ దరఖాస్తు వెళ్లేది బరంపురంలోని ఆఫీసుకు కాదు, జిల్లా కేంద్రమైన ఛత్రపురానికి. ఈ రెండు స్వాధీనాల మధ్య నెలలు గడుస్తాయి. ఆ నెలల్లో వడ్డీ ఆగదు. ఈ ముక్క గుర్తుంచుకోండి, లెక్కలో మళ్లీ వస్తుంది.

స్వాధీనం ప్రకటనా, అమ్మకం ప్రకటనా రెండు ప్రధాన పత్రికల్లో రావాలి, వాటిలో ఒకటి స్థానిక భాషలో ఉండాలి అన్నది నిబంధన. స్థానిక భాష అంటే ఒడిశాలో ఒడియా, మహారాష్ట్రలో మరాఠీ. పర్లాకిమిడి బజారులో రోజంతా తెలుగు వినిపిస్తుంది, కానీ 1936 ఏప్రిల్ 1న గీసిన రాష్ట్రపు గీత అక్షరాలను కూడా విడదీసింది. ఇంటి మీద వేలం ప్రకటన వచ్చిన సంగతి పక్కింటివాళ్లు చదివి చెబితే తప్ప తెలియని కుటుంబాలు సరిహద్దు ఊళ్లలో ఉన్నాయి. చట్టం దృష్టిలో మాత్రం ప్రకటన వచ్చింది, ఇంటికీ విడిగా నోటీసు పంపారు, లెక్క సరిపోయింది.

దీనికి ఇంకో మడత ఉంది. 2016 సవరణకు ముందు అమ్మకం తేదీ దాకా మొత్తం బాకీ కట్టి ఇల్లు విడిపించుకునే వీలుండేది. సవరణ తర్వాత ఆ గడువు వేలం ప్రకటన వెలువడే నాటికి ముందుకు జరిగింది. 2023లో బఫ్నా మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా ఖరారు చేసింది. అంటే ఆ ఒడియా ప్రకటనను ఎవరో చదివి చెప్పే సరికే విడిపించుకునే హక్కు చేజారి ఉండవచ్చు.

అమ్మేముందు గుర్తింపు పొందిన మదింపుదారుతో విలువ కట్టించాలి, దాన్ని బట్టి రిజర్వు ధర, అంటే వేలంలో కనీస ధర పెట్టాలి. మొదటి వేలానికి 30 రోజుల గడువు ఇవ్వాలి. అది విఫలమైతే తర్వాతి దానికి 15 రోజులు చాలు. రిజర్వు ధర కంటే తక్కువకు అమ్మాలంటే అప్పు తీసుకున్నవారి సమ్మతి కూడా కావాలి. వినడానికి ఇది పెద్ద రక్షణలా ఉంటుంది. అయితే వేలానికి ఎవరూ రాకపోతే తర్వాతిసారి రిజర్వు ధరనే తగ్గించవచ్చు.

లెక్క ఎక్కడ పెరుగుతుంది

ఒక ఉదాహరణ వేసుకుందాం. బరంపురం శివార్లలో 28 లక్షల ఇల్లు. చేతి నుంచి 3 లక్షలు, అప్పు 25 లక్షలు, వడ్డీ 9 శాతం, ఇరవై ఏళ్లు. నెలకు వాయిదా 22,493 రూపాయలు. మూడేళ్లు ఒక్క వాయిదా తప్పకుండా కట్టారు. అంటే దాదాపు 8 లక్షల 10 వేలు.

ఈ మూడేళ్లలో అసలు తగ్గింది ఎంత? సుమారు 1 లక్షా 54 వేలు మాత్రమే. మొదటి నెల వాయిదాలో 18,750 వడ్డీకే పోతుంది, అసలుకు చేరేది 3,743. కాబట్టి మూడేళ్ల తర్వాత కూడా అసలు 23 లక్షల 46 వేలు ఉంటుంది. ఇందులో మోసం ఏమీ లేదు, సమాన వాయిదాల లెక్క స్వభావమే అది. కానీ "సగం కట్టేశాను" అన్న ధీమా వచ్చేది సరిగ్గా ఈ దశలోనే.

తర్వాత వాయిదాలు ఆగాయి. ఆరు నెలలకు నోటీసు వచ్చింది. నోటీసు నుంచి వేలం ముగిసే దాకా పద్నాలుగు నెలలు పట్టింది. మొత్తం ఇరవై నెలల వడ్డీ, చక్రవడ్డీ వేయకుండా చూసినా, 3,51,900. ఆలస్య రుసుములు 15,000 అనుకుందాం. ప్రకటనలు, మదింపు, న్యాయవాది, తాళం వేశాక కాపలా మనిషి, వేలం నిర్వహణ కలిపి 87,100. మొత్తం రాబట్టవలసింది 28,00,000.

మదింపుదారు విలువ 26 లక్షలు అన్నారు. మొదటి వేలం 24 లక్షల రిజర్వు ధరతో పెడితే ఒక్కరూ రాలేదు. రెండోసారి 21 లక్షలకు తగ్గించారు, 21,15,000కి పోయింది.

ఇప్పుడు ఇంటివారు వేసే లెక్క ఇది: అసలు 23,46,000, వచ్చింది 21,15,000, ఇంకా ఇవ్వాల్సింది 2,31,000. ఉత్తరంలో ఉన్న లెక్క: 6,85,000. తేడా 4,54,000. ఆ తేడా అంతా వడ్డీ, రుసుములు, ఖర్చులే. సెక్షన్ 13(7) ప్రకారం అమ్మకపు సొమ్ములోంచి ముందుగా ఖర్చులు తీసుకుంటారు, తర్వాత బాకీకి జమ చేస్తారు. వేలం రోజున పుట్టినట్టు కనిపించే బాకీలో మూడింట రెండు వంతులు వేలానికి ముందు ఇరవై నెలల్లో పోగుపడిందే.

అదే ఇల్లు 30 లక్షలకు పోయి ఉంటే? రెండు లక్షలు మిగిలేవి, అవి యజమానికి తిరిగి ఇవ్వాలి. మిగులు ఇంటివారిది అన్న సంగతి కూడా అదే 13(7)లో ఉంది. చాలామంది దాన్ని అడగరు, ఎందుకంటే అలాంటిది ఒకటి ఉంటుందని వారికి ఎవరూ చెప్పరు.

ఆలస్య రుసుముల గురించి ఒక మాట. జరిమానాను వడ్డీ రేటుకు కలిపి, దాని మీద మళ్లీ వడ్డీ వేసే పద్ధతిని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ఆపించింది, 2024 ఏప్రిల్ నుంచి అది అమలైంది. రుసుము రుసుముగానే ఉండాలి, అసలులో కలపకూడదు. పాత ఖాతాల లెక్కల్లో ఇది సరిగా పాటించారా లేదా అన్నది పేజీలు తిప్పి చూస్తేనే తెలుస్తుంది.

మిగిలిన బాకీకి ఎక్కడ దావా వేస్తారు

ఇక్కడ ఒక గీత ఉంది: 20 లక్షలు. 2018 సెప్టెంబరు దాకా అది 10 లక్షలు. ఆ గీతకు పైన ఉన్న బాకీలకు బ్యాంకులు రుణ వసూళ్ల ట్రైబ్యునల్‌కు వెళతాయి. ఒడిశా వారికి అది కటక్‌లో ఉంది, గడ్చిరోలి, చంద్రపూర్ వారికి నాగపూర్‌లో. గీతకు కింద ఉంటే మామూలు సివిల్ కోర్టే. మన ఉదాహరణలో 6,85,000 కాబట్టి దావా పడితే స్థానిక కోర్టులోనే పడుతుంది.

అయితే వేలం మీద, మదింపు మీద అభ్యంతరం ఉంటే దాని దారి వేరు. సెక్షన్ 17 కింద 45 రోజుల్లో ట్రైబ్యునల్‌కే వెళ్లాలి, మొత్తం ఎంతైనా సరే. సివిల్ కోర్టు ఆ విషయంలో వేలు పెట్టకుండా సెక్షన్ 34 అడ్డుకుంటుంది. ఈ రెండు దారుల మధ్యే చాలామంది నలిగిపోతారు. జయపురం నుంచి కటక్ వెళ్లాలంటే ఒక రాత్రి ప్రయాణం. వెళ్లలేక ఆ 45 రోజులూ వదిలేస్తారు. ఏడాది తర్వాత సివిల్ కోర్టులో మిగిలిన బాకీ దావా పడ్డప్పుడు "ఇల్లు చౌకగా అమ్మేశారు" అంటారు. అప్పటికి ఆ వాదన బలం సగానికి సగం తగ్గిపోయి ఉంటుంది.

దావాకు కాలపరిమితి కూడా ఉంది. డబ్బు వసూలు దావాలకు మామూలుగా మూడేళ్లు. ఏ రోజు నుంచి లెక్క వేయాలన్న దాని మీదే కోర్టుల్లో వాదోపవాదాలు సాగుతాయి. గడువు లోపల బాకీ ఉన్నట్టు ఒప్పుకుంటూ సంతకం చేసినా, కొంత కట్టి రాతపూర్వకంగా గుర్తించినా, గడియారం మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. "ఊరికే లెక్క సరిచూసుకోవడానికి, ఇక్కడ ఒక సంతకం" అని వచ్చే కాగితానికి ఈ శక్తి ఉంది.

డిక్రీ వచ్చాక ఏవి తీసుకోవచ్చు, ఏవి తీసుకోకూడదు

బాకీ కట్టమని కోర్టు డిక్రీ (తీర్పు ఉత్తర్వు) ఇస్తే వేరే స్థలం, బ్యాంకు ఖాతా, జీతంలో కొంత జప్తుకు వస్తాయి. కానీ 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 60 కొన్నిటిని ముట్టుకోవద్దంటుంది. కట్టుబట్టలు, వంట పాత్రలు, పడకలు, ఆచారం ప్రకారం స్త్రీ ఒంటి మీద నుంచి తీయకూడని నగలు ఆ జాబితాలో ఉన్నాయి. మంగళసూత్రం ఈ చివరి దాంట్లోకి వస్తుంది. చేతివృత్తివారి పనిముట్లు కూడా అంతే. బరంపురం పట్టు నేసే కుటుంబానికి ఈ వాక్యం పెద్దది. ఇల్లు పోయినా మగ్గం పోదు. రైతుకైతే నాగలి, పశువులు, విత్తనాలు.

జీతం సంగతి మరింత లెక్కగా ఉంది. మొదటి వెయ్యి రూపాయలు, మిగిలిన దానిలో మూడింట రెండు వంతులు జప్తుకు రావు. నెలకు 40,000 వస్తుంటే 27,000 చేతికి రావాలి, 13,000 దాకానే కోత. అదీ ఒకే డిక్రీ కింద మొత్తం 24 నెలలు దాటకూడదు. అంటే ఆ ఒక్క దారిలో రాబట్టగలిగేది గరిష్ఠంగా 3,12,000. మన 6,85,000లో సగం కూడా కాదు. సివిల్ కోర్టు డిక్రీ తర్వాతి కాలానికి వేసే వడ్డీ కూడా, వాణిజ్య లావాదేవీ కాని అప్పులకు, ఏడాదికి 6 శాతం మించకూడదు. బ్యాంకులు కొంత తగ్గించి రాజీకి వచ్చేది మంచితనం వల్ల మాత్రమే కాదు, ఈ లెక్క వాళ్లకూ తెలుసు కాబట్టి.

జైలు భయం గురించి. ఉత్తరాల్లో, ఫోన్లలో ఆ మాట తరచూ వినిపిస్తుంది. 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో సుప్రీంకోర్టు జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఈ విషయం తేల్చారు: కట్టే శక్తి ఉండీ దురుద్దేశంతో ఎగ్గొడితే తప్ప, డబ్బు లేనందుకు మనిషిని సివిల్ జైలులో పెట్టకూడదు. వసూలు ఏజెంట్లు ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022లో చెప్పింది.

మన వాడుకలో "ఐపీ పెట్టాడు" అంటే అప్పులవాళ్లకు నామం పెట్టాడని అర్థం. నిజానికి ఆ ఐపీ దివాలా పిటిషను. 2016 దివాలా చట్టంలో మామూలు వ్యక్తుల భాగం ఇంకా అమల్లోకి రాలేదు, కంపెనీల అప్పులకు వ్యక్తిగత హామీ ఇచ్చినవారికి మాత్రమే 2019 డిసెంబరు నుంచి వర్తిస్తోంది. మిగతావారికి 1920 నాటి ప్రాంతీయ దివాలా చట్టమే దిక్కు. ఊళ్లో చెప్పుకునేంత తేలిక దారి కాదు. కోర్టు చేతిలో ఆస్తులన్నీ పెట్టాలి.

హామీ సంతకం పెట్టినవారు, వారసులు

కాంట్రాక్టు చట్టం సెక్షన్ 128 ప్రకారం హామీదారు బాధ్యత అప్పు తీసుకున్నవారి బాధ్యతతో సమానం. ముందు ఇల్లు అమ్మి, చాలకపోతే నా దగ్గరకు రండి అనే వీలు లేదు. సర్ఫేసీ చట్టం సెక్షన్ 13(11) కూడా అదే అంటుంది. బావమరిది కోసం, తోటి ఉద్యోగి కోసం పెట్టిన సంతకం పూర్తి అప్పుకు పెట్టిన సంతకమే. హామీదారు కట్టాక ఆ డబ్బును అసలు రుణగ్రహీత నుంచి రాబట్టుకునే హక్కు ఉంది, కానీ ఇల్లే పోయినవాడి నుంచి ఏం రాబడతారు? పెళ్లిళ్లలో ఎడమొహం పెడమొహంగా ఉండే కుటుంబాల వెనక ఇలాంటి సంతకం ఒకటి తరచుగా ఉంటుంది.

వారసుల విషయం కొంత నయం. తండ్రి పోతే, ఆయన నుంచి సంక్రమించిన ఆస్తి మేరకే కొడుకు, కూతురు జవాబుదారీ. వాళ్ల సొంత సంపాదన మీదకు రాకూడదు. సహ రుణగ్రహీతగా సంతకం చేసి ఉంటే మాత్రం ఈ రక్షణ లేదు, గృహ రుణాల్లో భార్యనో కొడుకునో అలా చేర్చడం మామూలే.

ఘరబారి, ఆదివాసీ భూమి: సరిహద్దు జిల్లాల ప్రత్యేక చిక్కులు

ఒడిశాలో వ్యవసాయ భూమిలో ఇల్లు కట్టాలంటే భూ సంస్కరణల చట్టం సెక్షన్ 8-ఎ కింద దాన్ని ఘరబారిగా, అంటే ఇంటి స్థలంగా మార్పించుకోవాలి. మార్పించకుండా కట్టిన ఇళ్లు ఉన్నాయి. వ్యవసాయ భూమి మీది తాకట్టుకు సర్ఫేసీ చట్టం వర్తించదని సెక్షన్ 31 చెబుతుంది. దాన్ని పట్టుకుని "మా పట్టాలో పొలమనే ఉంది" అని వాదించేవారు ఉంటారు. 2023 జనవరిలో తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు, అది నిజంగా సాగులో ఉన్న భూమి అని చూపాల్సిన భారం అప్పు తీసుకున్నవారిదే అంది. రికార్డులో మాట ఒక్కటే సరిపోదు. పైగా వాదన నెగ్గినా పోయేది సర్ఫేసీ అనే దగ్గరి దారి మాత్రమే. కోర్టులో తాకట్టు దావా దారి బ్యాంకుకు తెరిచే ఉంటుంది.

రాయగడ, కొరాపుట్, మల్కన్‌గిరి జిల్లాలు పూర్తిగా, గజపతి జిల్లాలో కొంత భాగం షెడ్యూల్డు ప్రాంతాలు. అక్కడ ఆదివాసీల భూమి ఆదివాసేతరుల చేతికి పోకుండా 1956 నిబంధన కట్టడి చేస్తుంది. మహారాష్ట్ర భూ రెవెన్యూ కోడ్‌లోనూ అలాంటి కట్టడి ఉంది. ఇది న్యాయమైన కట్టడి, ఎందుకొచ్చిందో చరిత్ర తెలిసినవారికి చెప్పనక్కర్లేదు. వేలం లెక్కలో దాని ప్రభావం వేరుగా కనిపిస్తుంది. హక్కు చరిత్ర అనుమానంగా ఉన్న స్థలానికి కొనేవారు ముందుకు రారు, వచ్చినవారు భయాన్ని ధరలోంచి తగ్గించుకుంటారు. ఆ తగ్గింపు చివరికి మిగిలిన బాకీ అంకెలో తేలుతుంది.

రెండు వైపుల వాదన

బ్యాంకుల మాట ఇది: మేమిచ్చింది డిపాజిటర్ల డబ్బు. ఇంటి ధర పడిపోయే ముప్పు అంతా మామీద వేస్తే 90 శాతం అప్పు ఇవ్వలేం, 60 శాతమే ఇస్తాం, వడ్డీ కూడా పెంచుతాం. అప్పుడు చేతిలో పది లక్షలు లేని గుమాస్తా ఇల్లు కొనలేడు. ఈ వాదనలో పస ఉంది. చిన్న జీతగాళ్లకు సొంతిల్లు అందుబాటులోకి వచ్చింది ఆ 90 శాతం వల్లే.

అప్పు తీసుకున్నవారి వైపు మాట: అప్పు ఇచ్చేటప్పుడు ఇంటి విలువ కట్టింది మీరు పంపిన మదింపుదారే. అప్పుడు 28 లక్షలన్న ఇల్లు అమ్మేటప్పుడు 21 ఎలా అయింది? ధర ఎక్కువ చూపి అప్పిచ్చిన తప్పు మీదైతే నష్టం నాది ఒక్కడిదే ఎందుకు? పైగా అమ్మడానికి పద్నాలుగు నెలలు తీసుకున్నదీ మీరే, ఆ నెలల వడ్డీ నా మీద వేసిందీ మీరే.

నాకు రెండో వాదనలోని చివరి భాగం బలంగా కనిపిస్తుంది. ధర పడిపోవడం ఎవరి చేతిలోనూ లేదు, ఆలస్యం అలా కాదు. అయితే ఆ ఆలస్యంలో కొంత భాగం రుణగ్రహీతలు కోర్టుల్లో అడిగే వాయిదాల వల్ల, కొంత జిల్లా కేంద్రాల్లో దరఖాస్తులు పేరుకుపోవడం వల్ల కూడా జరుగుతుంది. ఎవరి వాటా ఎంతో విడదీసే ఏర్పాటు చట్టంలో లేదు. 2004లో మార్డియా కెమికల్స్ కేసులో సుప్రీంకోర్టు సర్ఫేసీని నిలబెట్టింది, ట్రైబ్యునల్ గడప తొక్కాలంటే 75 శాతం డబ్బు ముందే కట్టాలన్న షరతును మాత్రం కొట్టేసింది. రుణగ్రహీతకు గొంతు ఉండాలన్నంత వరకూ అంగీకారం ఉంది, ఆ పైన వివాదమే.

"రైటాఫ్" అంటే మాఫీ కాదు

బ్యాంకులు ఇన్ని వేల కోట్లు రైటాఫ్ చేశాయని వార్త వచ్చిన ప్రతిసారీ నా బాకీ కూడా పోయిందనుకునేవారు ఉంటారు. రైటాఫ్ అంటే బ్యాంకు తన లెక్కల పుస్తకంలో ఆ ఖాతాను ఆస్తుల పట్టీ నుంచి తీసేయడం. మన మీద హక్కు అలాగే ఉంటుంది. మాఫీ అంటే హక్కునే వదులుకోవడం. రెండూ వేరు. మన అప్పుల చరిత్ర చెప్పే సిబిల్ నివేదికలో "రిటన్ ఆఫ్" అన్న మాట చూసి సంతోషించినవారిని నేను చూశాను.

మధ్యేమార్గంగా రాజీ ఉంది. ఒకేసారి ఇంత కట్టి ముగించుకోవడం. ఇది అడగవచ్చు గానీ హక్కుగా పొందలేం, ఆ మాట సుప్రీంకోర్టు 2021 డిసెంబరులో చెప్పింది. రాజీ కుదిరాక నివేదికలో "సెటిల్డ్" అన్న ముద్ర కొన్నేళ్లు ఉంటుంది, కొత్త అప్పు ఇచ్చేవారు దాన్ని పూర్తి చెల్లింపుగా చూడరు. కోర్టు బయట లోక్ అదాలత్‌లో కుదిరినది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు.

మా బావగారి సంగతికి వస్తాను. రుణదాత సంస్థకు ఉత్తరం రాసి ఖాతా వివరాల పట్టీ అడిగించాను. ఇరవై రెండు పేజీలు వచ్చాయి. ఒక సాయంత్రం ఇద్దరం కూర్చుని వరుస వరుసగా చదివాం, నేను చదువుతుంటే ఆయన చిన్న నోటు పుస్తకంలో తెలుగు అంకెల్లో రాసుకున్నారు. పదిహేడో పేజీలో "మునిసిపల్ బకాయిల చెల్లింపు" అని ఒక పద్దు కనిపించింది, తొమ్మిది వేల చిల్లర. ఆయన ఒక నిమిషం ఆ సంవత్సరం వంక చూసి, లేచి వెళ్లి ప్లాస్టిక్ కవరు తెచ్చారు. హోల్డింగ్ ట్యాక్సు రసీదు అదే సంవత్సరానిది, ఆయన పేరు మీదే ఉంది.

దాని నకలు జతచేసి ఇంకో ఉత్తరం వేశాం. కాపలా ఖర్చు కొన్నవారికి తాళాలు ఇచ్చిన తర్వాత కూడా రెండు నెలలు వేశారు, అది కూడా అందులోనే రాశాం. బాకీ మొత్తంతో పోలిస్తే ఇవి చిన్నవి. జవాబు ఇంకా రాలేదు.